వంక మీది పలక, ఖాతాలోని పద్దు: ఒక సంవాదం

వాదాన్ని ఒక శాస్త్రంగా సాధన చేసిన సంప్రదాయానికి మంత్రాలయం నెలవు. శ్రీరాఘవేంద్రస్వామి 1671లో ఇక్కడి తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం చేశారు. ఆయన అనుసరించిన మధ్వ సంప్రదాయంలో చర్చ ఎలా జరగాలన్న విషయానికే మధ్వాచార్యుల 'కథాలక్షణం' అనే గ్రంథం ఉంది. ఆ శాస్త్రం కథను, అంటే నియమబద్ధమైన చర్చను, మూడు విధాలుగా చెబుతుంది: తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం, గెలుపు కోసం సాగేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ. ప్రభుత్వ నిధుల మీద జరిగే చర్చలు చాలావరకు రెండో తరగతితో మొదలై మూడో తరగతిలో ముగుస్తాయి. కింది సంవాదాన్ని మొదటి తరగతికి చేర్చాలన్న ఉద్దేశంతో కూర్చారు. ఇందులో మాట్లాడే ఇద్దరూ కల్పిత వ్యక్తులే. అడవి పనుల కోసం వంకల మీద తాత్కాలిక వంతెనలకు ప్రభుత్వం డబ్బు ఇవ్వాలనే విశ్రాంత రేంజరు ఒకరు, ఆ ఖర్చును ఒప్పుకోని విశ్రాంత ఆడిటరు మరొకరు.

చర్చకు ముందు నేల సంగతి కొంత తెలియాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు మండలాలలో అడవి అనగానే చదువరి నల్లమలను ఊహించుకుంటే పొరబడినట్లే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఆత్మకూరు, శ్రీశైలం వైపు అడవులు నంద్యాల జిల్లాకు వెళ్ళిపోయాయి. కర్నూలు జిల్లా పడమటి అంచున మిగిలినవి బండరాళ్ళ కొండలు, వాటి మీద తుమ్మ, చండ్ర, రేగు, సీతాఫలం వంటి వాటితో పలచగా పెరిగే చిట్టడవులు. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు కాగా పడమటి మండలాలకు అంత కూడా దక్కదు. దక్కినది కూడా కొద్ది రోజుల్లోనే గుమ్మరించినట్లు కురిసి, వంకలుగా, అంటే వాన పడ్డప్పుడు మాత్రమే పారే చిన్న ప్రవాహాలుగా కొండలు దిగి, నల్లరేగడి చేల నడుమగా తుంగభద్రను చేరుతుంది.

ఇటువంటి వంకను బండితో దాటడానికి తాత్కాలిక మార్గాలు మూడున్నాయి. రెండు గట్లను కోసి దిగుడు చేసి, అడుగున రాళ్ళు పరచి నేరుగా నీళ్ళలోంచి పోవడం మొదటిది. సిమెంటు తూములు వేసి పైన గరుసు తోలి, ఇసుక బస్తాలు పేర్చడం రెండవది. గట్టు నుంచి గట్టుకు ఉక్కు పలకలనో దుంగల పలకలనో పక్కపక్కన పరచి, పని కాగానే ఎత్తి మరోచోటికి తీసుకుపోవడం మూడవది. మొదటిది అందరికీ తెలిసినది, రెండవది కల్వర్టు కొట్టుకుపోయిన ప్రతి రోడ్డు మీదా కనిపించేది, మూడవది ఈ ప్రాంతంలో దాదాపు ఎవరూ వాడనిది. సంవాదమంతా ఆ మూడవదాని చుట్టూ తిరుగుతుంది.

రేంజరు: ఆడిటరు గారూ, 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అడవి భూమిని ఇతర అవసరాలకు మళ్ళించరాదని కట్టడి చేస్తూనే, అడవి నిర్వహణలో భాగమైన పనులు ఆ కట్టడి కిందికి రావని తన రెండో సెక్షను వివరణలో చెప్పింది, చెక్‌పోస్టులు, అగ్నిరేఖలు, వైర్‌లెస్ కేంద్రాలతో పాటు వంతెనలు, కల్వర్టులు కూడా అక్కడ పేరు పెట్టి ఉన్నాయి. అంటే వంతెన లేకుండా అడవి పని సాగదన్న సంగతిని పార్లమెంటే ఒప్పుకుంది. అయినా రేంజి కార్యాలయం పంపే ఎస్టిమేట్లలో కందకాలకు, ఊటకుంటలకు, మొక్కలకు పద్దులు ఉంటాయి గాని, ఆ కందకం తవ్వే యంత్రమూ ఆ మొక్కలు మోసే ట్రాక్టరూ వంక ఎలా దాటాలన్న దానికి పద్దు ఉండదు.

ఆడిటరు: చట్టం అడ్డు చెప్పకపోవడం వేరు, ఖజానా డబ్బు ఇవ్వడం వేరు గదా రేంజరు గారూ. రాజ్యాంగం 202వ అధికరణం రాష్ట్ర వార్షిక ఆర్థిక నివేదికలో రెవెన్యూ ఖాతా వ్యయాన్ని మిగతా వ్యయం నుంచి వేరుచేసి చూపమంటుంది. వాడకంతో హరించిపోయేది రెవెన్యూ ఖర్చు, ఆస్తిగా నిలిచేది పెట్టుబడి ఖర్చు అని స్థూలంగా అనుకోవచ్చు. తూములు, గరుసు, బస్తాలు కలిపి వేసిన దారి ఏ ఖాతాలోకి వస్తుంది? ఆస్తి అందామంటే వచ్చే వానకు ఉండదు. వాడకం అందామంటే ప్రతి ఏడూ అదే చోట అదే బిల్లు లేస్తుంది. పైగా ఆడిటు చేసేవాడి అసలు భయం ఒకటుంది. ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో ఎన్ని తూములు వేశారో, ఎంత గరుసు తోలారో రాసి ఉంటుంది, వెళ్ళి చూస్తే వంక మాత్రమే ఉంటుంది. నిజంగా వేసి కొట్టుకుపోయినదానికీ, వేయకుండానే కొట్టుకుపోయినదానికీ ఆనవాలు ఒక్కటే.

ఈ చివరి మాటలోని వెటకారాన్ని పక్కన పెడితే, అది బలమైన వాదమని ఒప్పుకోక తప్పదు. వరద అన్నది ఏ అధికారీ పిలవకపోయినా వచ్చి సంతకం పెట్టి పోయే సాక్షి. దాని వాంగ్మూలాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. రేంజరు కూడా దీన్ని ఖండించే ప్రయత్నం చేయక, తన పక్షాన్ని కొంచెం జరిపి నిలుపుకొన్నాడు.

రేంజరు: బస్తాల దారికి నిధులు ఇవ్వమని ఈ పక్షం అడగడం లేదు. అడుగుతున్నది ఎత్తి తీసుకుపోగల పలకల వంతెన గురించి. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర అటవీశాఖ ఇటువంటి ఉక్కు పలకలను తానే కొని దగ్గర పెట్టుకుని, చెట్లు కొట్టే గుత్తేదారులకు అద్దె లేకుండా ఎరువు ఇస్తుంది. అందుకు కావలసిన డబ్బు చాలావరకు స్వచ్ఛజల చట్టం 319వ సెక్షను కింద, అంటే పొలాల నుంచీ అడవుల నుంచీ చెల్లాచెదురుగా వచ్చే కాలుష్యాన్ని ఆపడానికి కేంద్రం ఇచ్చే గ్రాంటుల నుంచి వచ్చింది. పొరుగున ఉన్న వర్జీనియా మరో దారి పట్టి, గుత్తేదారు పెట్టే ఖర్చులో ప్రభుత్వం కొంత పంచుకునే పద్ధతి పెట్టుకుంది. దుంగలు అమ్ముకునేది ప్రైవేటు మనిషి అయినప్పుడు ప్రభుత్వం ఎందుకు ఇస్తున్నదంటే, వంతెన వేసే ఖర్చు ఒకరిది, వేయకపోతే బురద తాగే నోరు మరొకరిది కావడం వల్ల. ఆ రెంటికీ మధ్య సంత జరగదు కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి.

ఆడిటరు: అది కలప దేశం. అక్కడ ఏడాది పొడుగునా పారే వాగులున్నాయి, వాటిలో చేపలున్నాయి, వాటిని దాటి పోయే బరువైన దుంగల బండ్లున్నాయి. ఆదోని కొండల మీద కొట్టి తోలుకుపోయే కలప ఏది? ఇక్కడి వంక ఉదయం పొంగితే సాయంత్రానికి మోకాటి లోతు, మర్నాటికి తడి ఇసుక. గట్టున ఆగితే పోయేది ఒక పూట. ఆ పూట కోసం ఉక్కు కొనమనడం పొరుగు దేశపు రోగానికి ఇక్కడ మందు మింగడమే అవుతుంది.

రేంజరు: ఏ పూట పోతుందన్నదే ప్రశ్న. ఈ మెట్టలో మొక్క నాటడానికి కాలం చాలా ఇరుకు. నేల పదునెక్కేంత వాన పడాలి, పడ్డ తరువాత పదును ఆరకముందే సంచుల్లోని మొక్కలు కొండ చేరాలి. ఆ రోజులూ వంకలు పారే రోజులూ ఒకటే. నర్సరీలో ఏడాది పెంచిన మొక్క ట్రాక్టరు ట్రాలీలో వంక ఒడ్డున రెండు రోజులు ఎండితే, ఆ మొక్క మీద పెట్టిన ఖర్చు కూడా ఆడిటులో ఎక్కడో తేలవలసిందే గదా.

ఆడిటరు: ఆ లెక్క సబబుగానే ఉంది. కాని ఇటువంటి ప్రతిపాదనల మొదటి పేజీలో ఎప్పుడూ ఉండేది మొక్క కాదు, మంట. అడవి అంటుకుంటే సిబ్బంది త్వరగా చేరాలి, అందుకు వంతెన కావాలి అని రాస్తారు. ఈ ప్రాంతంలో అడవికి మంట వచ్చేది ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా. ఆ నెలల్లో ఏ వంకలో నీళ్ళుంటాయి?

రేంజరు: ఉండవు. పడమటి కర్నూలు వరకు మంట పేరు చెప్పి వంతెన అడగడం తప్పే.

సంవాదంలో ఒక పక్షం తన చేతిలోని ఆయుధాన్ని తానే కింద పెట్టడం జల్పంలో జరగదు, వాదంలో మాత్రమే జరుగుతుంది. పైగా ఈ ఒప్పుకోలు వల్ల ప్రశ్న చిన్నదై స్పష్టపడింది: వంతెన కావలసింది ఏడాది పొడుగునా కాదు, నాటే రోజులకు. అయితే రేంజరు దగ్గర మరో కారణం ఉంది. బహుశా ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే ఆలోచించదగినది అదే.

రేంజరు: వంక ఎండిపోయినప్పుడు దాటితే నష్టం లేదన్న భావన కూడా సరి కాదు. నష్టం చేసేది నీళ్ళలోంచి పోవడం కాదు, గట్టును కోసి చేసిన దిగుడు. ట్రాక్టరు దిగడానికి ఒక ఎండాకాలం గట్టు కోస్తారు. పని అయిపోతుంది, బండి వెళ్ళిపోతుంది, కోత మిగిలిపోతుంది. మొదటి వానకు రెండు చక్రాల గాళ్ళు రెండు కాలువలవుతాయి, తరువాతి వానకు అవి కలిసి ఒక గండి అవుతుంది, ఆ గండి ఏటా పైకి పాకుతుంది. గడ్డి వేరు పట్టి ఉన్న గట్టు ఎంత వాననైనా ఓర్చుకుంటుంది, ఒకసారి కోసిన గట్టు మళ్ళీ అతుక్కోదు. ఆ మన్నంతా ముందు ఊరి చెరువులోకి, తరువాత తుంగభద్రలోకి, సుంకేసుల మీదుగా శ్రీశైలంలోకి పోతుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు దాని సామర్థ్యం సుమారు 215 టీఎంసీలకు తగ్గింది. అడవిశాఖ ఒక చేత్తో మట్టి ఆపడానికి కందకం తవ్వుతూ, ఆ కందకం దగ్గరికి పోవడానికి రెండో చేత్తో గట్టు కోస్తున్నది.

ఆడిటరు: శ్రీశైలం పూడికను ఆదోని కొండల దిగుళ్ళ మీదికి నెట్టడం అతి. కృష్ణా, తుంగభద్రల పరీవాహకమంతా దుక్కి దున్నిన పొలాలే. అందులో ఈ దిగుళ్ళ వాటా ఎంతో తూచి చెప్పగలిగినవారు లేరు, తూస్తే కనిపించేంత ఉంటుందనీ తోచదు.

రేంజరు: శ్రీశైలం మాట వెనక్కి తీసుకోవచ్చు. కొండ కిందున్న చెరువు మాట మాత్రం వెనక్కి తీసుకోలేము. అక్కడ వాటా తూచనక్కర లేదు, కంటికే కనిపిస్తుంది.

ఆడిటరు: సరే, కొండ కింది ఊరి మాట వచ్చింది కాబట్టి అసలు అభ్యంతరం చెప్పవలసి ఉంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్నీ కర్నూలు నగరాన్నీ ముంచిన సంగతి అందరికీ గుర్తుంది. అంత పెద్ద వరద రాని ఏళ్ళలో కూడా వంక పొంగితే బడికి పోలేని పిల్లలు, ఆసుపత్రికి చేరలేని గర్భిణులు ఈ మండలాల్లో ఉన్నారు. మనుషులు దాటే చోట చప్టా, అంటే వరద పైనుంచి పొర్లిపోయేలా కట్టిన తక్కువ ఎత్తు దారి, కూడా సరిగా లేనప్పుడు, మొక్కలు దాటడానికి ఉక్కు వంతెన కొంటే ఊరివాళ్ళకు ఏమని చెప్పాలి? అడిగే హక్కు వాళ్ళకుంది.

రేంజరు: ఉంది. అయితే ఆ రెండు అవసరాలూ ఒకే చోట లేవు, ఒకే సంచిలోని డబ్బూ కాదు. అడవి కొండ మీద ఉంది. అక్కడ వంక పుట్టేచోట సన్నగా, రాతి గట్ల నడుమ ఉంటుంది, 20 నుంచి 30 అడుగుల పలక దాన్ని దాటుతుంది. ఊరు మైదానంలో ఉంది. అక్కడ వంక వెడల్పై, రేగడి గట్లు నానితే కుంగిపోయేలా ఉంటుంది, దానికి శాశ్వత నిర్మాణమే తప్ప పలకలు పనికిరావు. ఇక డబ్బు విషయానికి వస్తే, అడవిశాఖ చేతిలోని ముఖ్యమైన నిధి క్యాంపా. గనులకో రోడ్లకో అడవి భూమిని తీసుకున్న సంస్థలు పరిహారంగా కట్టిన సొమ్ము అది. 2016 నాటి పరిహార అడవుల పెంపకపు నిధి చట్టం ప్రకారం అందులో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం కేంద్రానికి చెందుతుంది. 2019 ఆగస్టులో 27 రాష్ట్రాలకు కలిపి 47,436 కోట్ల రూపాయలు బదిలీ అయ్యాయి. ఆ సొమ్ముతో ఊరి వంతెన కట్టడానికి చట్టం ఒప్పదు. కాబట్టి కొండ మీద పలక కొనకపోతే ఊళ్ళో చప్టా లేస్తుందనుకోవడం భ్రమ.

ఆడిటరు: ఆ నిధికున్న ఆశ పెట్టే గుణమే భయం పుట్టించేది. పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి వచ్చిన డబ్బు అది. 2018 నాటి నియమావళి అడవికి కట్టిన నికర ప్రస్తుత విలువ సొమ్ములో కనీసం 80 శాతం అడవి, వన్యప్రాణి నిర్వహణకే ఖర్చు పెట్టమంది, సౌకర్యాల కల్పనకు 20 శాతం దాటవద్దంది. ఆ 20 శాతం మీద ఇప్పటికే అందరి కన్నూ ఉంది. అందులో ఇంకో వస్తువుకు తలుపు తెరిస్తే, పలక పేరుతో ఏమేమి లోపలికి వస్తాయో ఊహించవచ్చు.

రేంజరు: అందుకే ఆ ఖర్చును పనిగా కాక పరికరంగా లెక్కించాలన్నది ఈ పక్షపు అసలు సిద్ధాంతం. తుంగభద్ర మీద పుట్టిలో దాటే జాలరి నదికి వంతెన కట్టలేదు. పుట్టి తనది, ఏ రేవులో అవసరమైతే ఆ రేవుకు తల మీద పెట్టుకుని పోతాడు. పలకల వంతెన కూడా అంతే. దాన్ని ఒక వంక పేరు మీద మంజూరు చేసినంతకాలం అది నిర్మాణం అవుతుంది, ఎం-బుక్కులోకి పోతుంది, వరద సాక్ష్యం చెబుతుంది. దాన్ని డివిజను పేరు మీద కొని, నంబరు కొట్టి, స్టాకు రిజిస్టరులో ఎక్కిస్తే అది జీపులాగా, వైర్‌లెస్ సెట్టులాగా లెక్కకు నిలబడే వస్తువవుతుంది. ఏటా మార్చి 31న డిపోలో ఇన్ని పలకలు ఉండాలి. ఉన్నాయా లేదా అన్నది ఎవరైనా వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. ఏటేటా మాయమయ్యే గరుసు కంటే లెక్కపెట్టదగిన ఇనుము ఆడిటుకు ఇష్టం కావాలి.

ఇక్కడ ఆడిటరు మౌనం వహించలేదు గాని, ఆయన మాట తీరు మారింది. అంతవరకు ఇవ్వవచ్చునా అని అడిగినవాడు, ఇక్కడి నుంచి ఇస్తే ఎలా అని అడగడం మొదలుపెట్టాడు. ప్రభుత్వ వ్యవహారాల్లో ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం చాలా పెద్దది.

ఆడిటరు: ఇనుము ఇష్టమే, ఇనుమును మోసేదెవరన్నదే కష్టం. రెండో ప్రపంచయుద్ధకాలంలో డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజనీరు రూపొందించిన విడిభాగాల వంతెన ఇప్పటికీ మన సైన్యం వాడుతున్నదంటే, వంతెనతో పాటు దాన్ని బిగించే, విప్పే దళం కూడా సైన్యానికి ఉంది కాబట్టి. రేంజిలో ఉన్నది కొద్దిమంది బీటు అధికారులు. పలకను పరచడానికి జేసీబీ కావాలి, జేసీబీ అద్దెకు మళ్ళీ పద్దు కావాలి. ఇక ఏడాదిలో పది నెలలు ఆ ఉక్కు డిపోలో పడి ఉంటుంది. తుప్పు ఒకవైపు, దొంగలు ఒకవైపు. వాడని వస్తువును కొన్నారని అభ్యంతరం రాయవలసిందీ ఆడిటే.

రేంజరు: వాడని రోజులకు జవాబు తుంగభద్ర డ్యామే చెప్పింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. గేటు లేనిచోట నీటిని ఆపడానికి స్టాప్‌లాగులు అనే ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి దించాలి. అవి డ్యాము దగ్గర సిద్ధంగా లేవు. హడావిడిగా తయారుచేయించి, పారే నీటిలోనే దించి, ఆగస్టు 17 నాటికి ప్రవాహాన్ని ఆపారు. ఈ లోపల నదిలోకి పోయిన నీళ్ళు పోయాయి. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు దిగువ కాలువ ద్వారా నీళ్ళు వచ్చేది ఆ డ్యాము నుంచే కాబట్టి, ఆ వారం రోజులు ఇక్కడి రైతు ఎలా గడిపాడో చెప్పనక్కర లేదు. డ్యాము కట్టిన ఏడు దశాబ్దాల్లో ఆ పలకలు కొని పెట్టి ఉంటే, వాడని వస్తువు కొన్నారని అభ్యంతరం రాసి ఉండేవారు కదా.

ఆడిటరు: రాసి ఉండేవారు, అనుమానం లేదు. కాని ఆ ఉదాహరణ రెండువైపులా కోస్తుంది. డ్యాము ఒక్కచోట ఉంటుంది, పలక దాని పక్కనే ఉంటుంది. వంకలు వందచోట్ల ఉంటాయి. ఒక్క రేంజి కోసం కాకుండా, కల్వర్టు కొట్టుకుపోయినప్పుడు పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖలు కూడా అడిగి తీసుకునే విధంగా జిల్లాకు ఒక నిల్వ పెడితే పది నెలల పనిలేనితనం తగ్గుతుంది. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతాన్ని ముందుజాగ్రత్త పనులకు వేరుచేయమంది. అటువంటి నిల్వకు ఆ పద్దు నప్పుతుంది, క్యాంపాను కదిలించే పని ఉండదు.

రేంజరు: జిల్లా నిల్వ అయితే నాటే రోజున పలక అడవికి రాదు. వంకలు పొంగే రోజునే రోడ్లూ తెగుతాయి. కలెక్టరు ముందు బస్సు దారి ఒకవైపు, మొక్కల ట్రాలీ ఒకవైపు ఉంటే ఏది గెలుస్తుందో తెలిసిందే, అలా గెలవడం న్యాయం కూడా. అందుకే రెండు పలకల జతలైనా డివిజను పేరు మీద ఉండాలి. అడవికి పని లేని నెలల్లో మిగతా శాఖలకు అద్దెకు ఇవ్వవచ్చు, ఆ అద్దెతోనే జేసీబీ ఖర్చు గడుస్తుంది.

ఆడిటరు: అద్దె ప్రభుత్వ ఖాతాలో జమ అవుతుంది గాని డివిజను జేబులో మిగలదు, దానితో జేసీబీ ఖర్చు పెట్టాలంటే మళ్ళీ బడ్జెటు కేటాయింపు కావాలి. ఈ ముడి విప్పకుండా పలకలు కొంటే మొదటి ఏడు ఫొటో, రెండో ఏడు తుప్పు. కొనుగోలుతో పాటే అయిదేళ్ళ రవాణా, పరచడం, ఎత్తడం ఖర్చు కలిపి ఒకే మంజూరుగా అడిగితే ఆలోచించవచ్చు. ఇంకో షరతు కూడా ఉంది: పలక వేసిన ప్రతి చోటా పాత దిగుడును పూడ్చి, గట్టు మీద గడ్డి పట్టించాలి, ఆ పూడ్చిన చోటుకు మాత్రం ఎం-బుక్కు పెట్టాలి. కొలవవలసింది ఇనుమును కాదు, మూతపడ్డ గండిని.

రేంజరు: ఆ షరతుకు అభ్యంతరం లేదు. అయితే పలక ఎత్తిన మర్నాడే గొర్రెల మందతో పాటు ఎవరి ట్రాక్టరో వచ్చి, పూడ్చిన గట్టును మళ్ళీ కోసుకుని దిగితే, ఆ తప్పు ఎవరి పేరు మీద రాస్తారు?

ఆడిటరు: ఆ బీటు అధికారి పేరు మీద. అందుకే ఆ ప్రతిపాదన మీద అతని సంతకం కూడా ముందే ఉండాలి.